రబ్బరు బ్యాండు కారు కిట్ (399 రూపాయలు): ఇనుప కడ్డీలు బాగున్నాయి, బండి మాత్రం నడవలేదు

మా పాప ఎనిమిదో తరగతి. పోయిన నెల వాళ్ల సైన్సు టీచరు గారు క్లాసు మొత్తానికీ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. బ్యాటరీ ఉండకూడదు, మోటారు ఉండకూడదు, స్ప్రింగుతో గానీ రబ్బరుతో గానీ నడిచే బండి చేసి తేవాలి, స్కూలు వరండాలో వదిలితే తనంతట తాను 5 మీటర్లు వెళ్లాలి. పది రోజులు టైము. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర, మా వారి ఉద్యోగం వేరే ఊళ్లో, ఇంట్లో పాపతో ఉండేది మా నాన్నగారు. అందుకే ఆ రాత్రే ఫోన్‌లో వెతికి, నాలుగు నక్షత్రాల పైన రేటింగ్ చూసి, 399 పెట్టి ఒక కిట్ ఆర్డర్ చేశాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే డిజైను నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, ఫొటోలు కూడా అవే. మూడు మిల్లీమీటర్ల మందం చెక్క అట్టను లేజరుతో కోసిన ముక్కలు, రెండు ఇనుప కడ్డీలు, నాలుగు చిన్న చక్రాలు ఉన్న కిట్ కనబడితే అది ఇదే అనుకోవచ్చు.

రెండు రోజుల్లో వస్తుందన్నది నాలుగు రోజులకు వచ్చింది. పది రోజుల్లో నాలుగు అలా పోయాయి. ప్యాకింగ్ బాగానే ఉంది, ఏదీ విరగలేదు. చెక్క ముక్కలు పలకలోంచి వేలితో నొక్కితే ఊడి వస్తాయి, అంచులు లేజరుకు కాలి నల్లగా ఉంటాయి కాబట్టి చేతులకూ బట్టలకూ మసి అంటుతుంది, పాత గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇరుసుల కోసం 3 మిల్లీమీటర్ల మందం ఇనుప కడ్డీలు రెండు ఇచ్చారు, తిన్నగా, నునుపుగా ఉన్నాయి. చక్రాలు ఒక్కొక్కటి 4 సెంటీమీటర్ల వ్యాసం. వెనక ఇరుసుకు తగిలించడానికి ఒక పన్ను ఉన్న చిన్న చెక్క బిళ్ల, రబ్బరును దానికే తగిలించి చుట్టాలి. అయిదు సన్నటి రబ్బరు బ్యాండ్లు. చక్రానికీ బండికీ మధ్య పెట్టే చిన్న రింగులు నాలుగు ఉండాలి, మాకు మూడే వచ్చాయి. ఇంకో కాగితం, దాని మీద ఆరు బొమ్మలు, ఒక్క ముక్క వివరణ లేదు. ఇంగ్లీషులోనే ఉన్నా సర్దుకునేవాళ్లం, అసలు ఏ భాషలోనూ లేదు.

బిగించడం మాత్రం తేలిక. పాప ఒక్కతే నలభై నిమిషాల్లో చేసేసింది. ఈ విషయంలో కిట్‌కు మార్కులు ఇవ్వాలి, పదమూడేళ్ల పిల్లకు పెద్దవాళ్ల సాయం అక్కర్లేకుండా ముక్కలు సరిగ్గా కూర్చున్నాయి. హాల్లో టైల్స్ మీద పెట్టి, వెనక చక్రాలు వెనక్కి తిప్పి రబ్బరు చుట్టి, వదిలింది. బండి 90 సెంటీమీటర్లు వెళ్లి ఆగింది. మళ్లీ చుట్టింది, 80. ఇంకోసారి, 95, కాకపోతే ఎడమకు తిరిగి సోఫా కిందకు పోయింది. పాప మొహం చూస్తే నాకే బాధేసింది. "అమ్మా, పేజీలో పది మీటర్లు అని రాశారు కదా" అంది. నిజమే, రాశారు. ఫొటో పక్కనే పెద్ద అక్షరాల్లో ఉంది.

రబ్బరు చాలలేదేమో అనుకొని రెండు బ్యాండ్లు కలిపి వేశాం. ఈసారి వదలగానే వెనక చక్రాలు గిర్రున అక్కడే తిరిగాయి, బండి కాస్త జారి 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. మూడు వేస్తే చెక్క బిళ్ల ఇరుసు మీద జారిపోయి, రబ్బరు టప్పున విప్పుకుపోయింది, చక్రం అసలు తిరగలేదు.

అప్పటిదాకా పేపరు చదువుకుంటూ ఊరుకున్న మా నాన్నగారు లేచి వచ్చి బండిని తిరగేసి చూశారు. ఆయన రిటైరయ్యేదాకా లెక్కల మాస్టారు. "బలం ఎక్కువ పెడితే దూరం పోదమ్మా. ముందు ఒక లెక్క చెయ్యి, ఈ ఇరుసు ఒక చుట్టు తిరగాలంటే రబ్బరు ఎంత పట్టాలి, ఒక చుట్టుకు బండి ఎంత ముందుకు పోవాలి?" అన్నారు. పాప నోటు పుస్తకం తెచ్చుకుంది. ఈ రివ్యూలో అందరికీ పనికొచ్చేది ఈ లెక్కే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇరుసు మందం 3 మిల్లీమీటర్లు, అంటే దాని చుట్టుకొలత సుమారు 9.4 మిల్లీమీటర్లు. ఒక్కో చుట్టుకూ సుమారు ఒక సెంటీమీటరు రబ్బరు ఇరుసు మీదకు చేరుతుంది. కిట్ బండి పొట్టిది, ముందు కొక్కెం నుంచి వెనక ఇరుసు దాకా 14 సెంటీమీటర్లే, అందులో రబ్బరు మామూలుగా ఉన్నప్పటి పొడవు తీసేస్తే సాగదీయడానికి మిగిలేది తొమ్మిదిన్నర. అంటే పది చుట్లు. 4 సెంటీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే బండి వెళ్లేది పన్నెండున్నర సెంటీమీటర్లు. పది చుట్లకు నూట ఇరవై అయిదు. అంటే ఎక్కడా ఏ రాపిడీ లేకుండా, చక్రం ఒక్క వెంట్రుకవాసి కూడా జారకుండా నడిచినా, ఈ కిట్ బండిని రబ్బరు లాగేది మీటరుంపావే. ఆ తర్వాత ఊపు మీద ఎంత దొర్లితే అంత. పది మీటర్లు అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కంపెనీ వాళ్లే చెప్పాలి. పిల్లల వస్తువు మీద ఇలాంటి అంకె వేయడం నాకు అస్సలు నచ్చలేదు. బండి నడవకపోతే తానే తప్పు బిగించాను అనుకుంటుంది పిల్ల, మా పాప రెండుసార్లు మొత్తం విప్పి మళ్లీ బిగించింది.

ఆ మీటరుంపావు కూడా ఎందుకు రాలేదంటే, దానికి మూడు కారణాలు దొరికాయి. ఒకటి, ఇరుసు దూరే రంధ్రం. 3 మిల్లీమీటర్ల కడ్డీకి సరిగ్గా 3 మిల్లీమీటర్ల రంధ్రమే కోశారు, పైగా లోపలి అంచు కాలి గరుకుగా ఉంది, కడ్డీ అందులో రాసుకుంటూ తిరుగుతోంది. రబ్బరు తీసేసి చక్రాన్ని వేలితో ఒక్కసారి తిప్పి వదిలితే అది కనీసం నాలుగైదు చుట్లు తనంతట తిరగాలి, మాది ఒకటిన్నర చుట్టుకే ఆగింది. మీరు ఏ కిట్ కొన్నా, ఇంట్లో చేసినా, రబ్బరు తగిలించే ముందు ఈ పరీక్ష చేయండి. రెండు, పన్ను ఉన్న చెక్క బిళ్ల, చక్రాలు అన్నీ కడ్డీకి బిగువు మీదే నిలబడ్డాయి, జిగురు లేదు, కాస్త బలం పడగానే జారుతున్నాయి. మూడు, చక్రాల అంచు నున్నటి ప్లాస్టిక్. టైల్స్ మీద దానికి పట్టు ఎక్కడిది?

పాపకు విచిత్రంగా అనిపించింది ఇక్కడే. ఇరుసు దగ్గర రాపిడి ఉండకూడదు, నేల దగ్గర రాపిడి ఉండాలి. క్లాసులో ఘర్షణ గురించి చదివినప్పుడు అది మంచిదా చెడ్డదా అని అయిదు మార్కుల ప్రశ్నకు జవాబు బట్టీ పట్టింది, ఇప్పుడు ఒకే బండిలో రెండూ చేత్తో ముట్టుకొని చూసింది. ఈ ఒక్కటి కిట్ వల్ల జరిగిన మేలే.

నాన్నగారు తన చిన్నతనం సంగతులు మొదలుపెట్టారు. తాటి బుర్రలు రెండు, మధ్య కర్ర గుచ్చి, పొడుగాటి వెదురుకర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగే బండి మా తరం వాళ్లు కూడా చూశారు. ఆయన చెప్పిన ఇంకో బండి నాకు తెలియదు. చెక్క దారం రీలు ఖాళీ అయ్యాక దాని రెండు అంచుల మీద కత్తితో గాట్లు పెట్టి, మధ్య రంధ్రంలోంచి రబ్బరు దూర్చి, ఒకవైపు చిన్న పుల్లతో ఆపి, రెండోవైపు కొవ్వొత్తి బిళ్ల పెట్టి, దానికి పొడుగాటి పుల్ల తగిలించి మెలితిప్పి వదిలితే, అది మెల్లగా పాక్కుంటూ పుస్తకాలు కూడా ఎక్కేస్తుందట. కొవ్వొత్తి ముక్క ఎందుకంటే అది నున్నగా జారుతూ రబ్బరును ఒక్కసారిగా విప్పుకోనివ్వదు. ఇప్పుడు చెక్క రీళ్లు దొరకడం లేదు, ప్లాస్టిక్ రీలుతో ఆ సాయంత్రమే చేసి చూపించారు, దిండు అంచు ఎక్కేసింది. కానీ మాకు కావాల్సింది ఎత్తు ఎక్కడం కాదు, దూరం. అది ఆటకు ఉంచుకొని మళ్లీ కారు దగ్గరకు వచ్చాం.

లెక్క చూశాక దారి పాపే చెప్పింది, చక్రం పెద్దది చేయాలి, బండి పొడవు పెంచాలి. ఇంట్లో పాత సీడీలు డబ్బా నిండా ఉన్నాయి. సీడీ వ్యాసం 12 సెంటీమీటర్లు, ఒక చుట్టుకు దాదాపు 37.7 సెంటీమీటర్లు వెళుతుంది, కిట్ చక్రానికి మూడు రెట్లు. శరీరానికి 30 సెంటీమీటర్ల చెక్క స్కేలు. రెండు రబ్బరు బ్యాండ్లను ఒకదానికొకటి ముడేసి పొడవు పెంచితే 20 సెంటీమీటర్లు హాయిగా సాగదీయొచ్చు. 20 సెంటీమీటర్లకు ఇరవై ఒక్క చుట్లు, ఇరవై ఒక్క చుట్లకు సుమారు 8 మీటర్లు. కాగితం మీద 8 అని రాగానే పాప ఎగిరి గంతేసింది.

కానీ పెద్ద చక్రం ఊరికే రాదు. ఇరుసు సగం మందం ఒకటిన్నర మిల్లీమీటరు, సీడీ సగం వ్యాసం 60 మిల్లీమీటర్లు, అంటే రబ్బరు ఎంత బలంగా లాగినా నేల దగ్గరకు చేరేది అందులో నలభయ్యో వంతే. కిట్ చక్రంతో అయితే పదమూడో వంతు. అందుకే బండి తేలిగ్గా ఉండాలి, ఇరుసు నున్నగా తిరగాలి, లేకపోతే కదలనే కదలదు. కదలకపోతే ఇరుసు మీద, రబ్బరుకు కట్టే దారం చుట్టుకునే చోట, రెండు మూడు పొరలు టేపు చుట్టి లావు చేయండి, బలం పెరుగుతుంది, దూరం కొంత తగ్గుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో మీ బండి బరువును బట్టి, మీ నేలను బట్టి చూసుకోవాల్సిందే. మేం నాలుగు సీడీలూ వేయకుండా వెనక మాత్రం రెండు సీడీలు, ముందు కిట్‌లోని చిన్న చక్రాలే వాడాం. బరువు తగ్గింది, కిట్ డబ్బులూ కొంత వసూలయ్యాయి.

ఇక సామాను కోసం మా గుంటూరు బ్రాడీపేటలో తిరిగిన కథ. ఇరుసు దూరడానికి ప్లాస్టిక్ స్ట్రా వాడమని అన్ని వీడియోల్లోనూ చెబుతారు, కానీ 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం ఉంది, షాపుల్లో కాగితం స్ట్రాలే ఇస్తున్నారు, అవి రెండుసార్లు తిరిగేసరికి నలిగిపోతాయి. జవాబు పాప పెన్నుల డబ్బాలోనే దొరికింది. రాసి పారేసే బాల్‌పెన్ను రీఫిల్ దాదాపు 3 మిల్లీమీటర్ల మందమే, కాబట్టి రీఫిల్ వదులుగా పట్టే పెన్ను గొట్టంలో కిట్ కడ్డీ కూడా వదులుగానే పడుతుంది. సన్నటి గొట్టం ఉన్న పెన్ను చూసి, నాలుగు ముక్కలు కోసి స్కేలు కింద అతికించాం. వేలితో తిప్పి వదిలితే చక్రం పన్నెండు చుట్లు తిరిగింది! పెన్సిల్ ములికిని గరుకు కాగితం మీద రుద్ది ఆ నల్లపొడి కొంచెం గొట్టంలో వేస్తే ఇంకా బాగా తిరుగుతుంది. కుట్టు మిషన్ నూనె మాత్రం వేయకండి, అది కారి రబ్బరుకు తగిలిందంటే రబ్బరు ఉబ్బి మెత్తబడి తెగిపోతుంది.

సీడీని ఇరుసుకు బిగించడం దగ్గరే మాకు రెండు సాయంత్రాలు పట్టింది. సీడీ మధ్య రంధ్రం 15 మిల్లీమీటర్లు, కడ్డీ మూడు. నీళ్ల బాటిల్ మూతకు నడిమధ్యన కాల్చిన సూదితో రంధ్రం చేసి, ఆ మూతను సీడీ మధ్యన అతికించాలి. కాల్చిన సూది పని పెద్దవాళ్లే చేయండి. చాలా మూతలకు లోపలో బయటో సరిగ్గా నడిమధ్యన చిన్న పొక్కులాంటి గుర్తు ఉంటుంది, అది చూసుకుంటే పని తేలికవుతుంది. మేం మొదటిసారి అంచనా మీద చేశాం, రంధ్రం ఒక మిల్లీమీటరు పక్కకు పోయింది, బండి కుంటుతూ పైకీ కిందకీ ఊగింది. పాప చిన్నప్పుడు ఆడుకున్న ఏటికొప్పాక లక్క బండి ఇంకా షోకేసులో ఉంది, దాని చక్రం తిప్పి చూస్తే ఎక్కడా ఊగదు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ చెక్కుతారు కాబట్టి చక్రానికి నడిమధ్య ఎక్కడో వెతుక్కోవాల్సిన పని వాళ్లకు లేదు, తిరిగేదే మధ్య. మనం అతికించే చక్రానికి ఆ సౌకర్యం లేదు, కాబట్టి జిగురు ఆరకముందే తిప్పి చూసుకుంటూ సర్దాలి. ఫెవిక్విక్‌తో ఆ వీలుండదు, క్షణంలో పట్టేస్తుంది. ఎం-సీల్ వాడండి, అది గట్టిపడేలోపు తిప్పి సరిచేసుకునేంత టైము ఉంటుంది, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి రాయిలా ఉంటుంది. కిట్‌లోని పన్ను బిళ్లను మాత్రం ఫెవిక్విక్‌తోనే కడ్డీకి అతికించాం, ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు. ఇంత చిన్న సంగతి ఆ కాగితం మీద ఒక్క లైను రాసి ఉంటే సరిపోయేది.

సీడీ అంచుకు పట్టు కావాలి కదా. బర్త్‌డే బుడగ ఒకటి తీసుకొని మూతి వైపు, కొస వైపు కోసేస్తే మధ్యన వెడల్పాటి పట్టీ వస్తుంది, దాన్ని సాగదీసి సీడీ అంచుకు తొడిగేయడమే. టైల్స్ మీద చక్రం అక్కడే తిరగడం దీంతో ఆగిపోయింది.

రబ్బరును నేరుగా ఇరుసుకు చుట్టకండి. లావుగా ఒకదాని మీద ఒకటి పడి చుట్లు తగ్గిపోతాయి, ఒక్కోసారి చిక్కుపడి చివర్లో బ్రేకు వేసినట్టు ఆపేస్తుంది. రబ్బరు కొసకు గట్టి నైలాన్ దారం కట్టి, దారం చివర చిన్న ఉచ్చు వేసి, ఆ ఉచ్చును బిళ్ల పన్నుకు తగిలించి చుట్టండి. దారం మొత్తం విప్పుకోగానే ఉచ్చు పన్ను మీద నుంచి జారి కింద పడాలి, ముడేసి కట్టేస్తే మాత్రం అది రెండోవైపుకు చుట్టుకోవడం మొదలుపెట్టి బండిని వెనక్కి లాగుతుంది. మా బండి ఒక రోజంతా మూడు మీటర్ల దగ్గర ఠక్కున ఆగిపోతూ ఉంటే కారణం తెలియక పాప ఏడుపు మొహం పెట్టింది, తీరా చూస్తే ఇదే. ఉచ్చు కాస్త వదులు చేయగానే అయిదు దాటింది.

కిట్‌తో వచ్చిన రబ్బర్ల గురించి చెప్పాలి. అయిదింటిలో రెండు మూడో రోజుకే పగుళ్లిచ్చి తెగాయి. రబ్బరుకు ఎండ, గాలి, వేడి పడవు, గోడౌన్లలో ఎన్నాళ్లున్నాయో. కిరాణా కొట్లో పొట్లాలకు చుట్టే సన్నటివి కాకుండా, స్టేషనరీ షాపులో కాస్త వెడల్పుగా ఉండేవి అడిగి కొత్తవి తీసుకోండి, పోటీ రోజుకు వాడని జత ఒకటి పక్కన పెట్టుకోండి. చుట్టి అలాగే వదిలేస్తే కూడా బలం తగ్గుతుంది, బండి వదిలే ముందే చుట్టాలి. మా ఎదురింటి అబ్బాయి ఉండేలుకు వాడే సైకిల్ ట్యూబు ముక్క ఇచ్చాడు, అది మరీ గట్టిది, స్కేలునే వంచేసింది.

స్ప్రింగుతో చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. పాప మొదట అదే అడిగింది, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే బొమ్మ కారు లోపలి డబ్బీ పీకి పెడదామని. ఆ డబ్బీలో చుట్టలా ఉండే పలచటి స్ప్రింగు, చిన్న పళ్ల చక్రాలు ఉంటాయి, వెనక్కి లాగేటప్పుడు ఒక వరస పళ్ల చక్రాలు, ముందుకు పోయేటప్పుడు ఇంకో వరస పనిచేస్తాయి, అందుకే జానెడు లాగితే అన్ని అడుగులు పోతుంది. డబ్బీని డబ్బీలాగే అమర్చుకోవాలి గానీ విప్పితే స్ప్రింగు ఎగిరి వస్తుంది, అంచు బ్లేడులా ఉంటుంది, నాన్నగారి వేలు కొద్దిగా తెగింది కూడా. పైగా టీచరు గారు అడిగితే లోపల ఏముందో చూపించడం పిల్లకు కుదరదు. రబ్బరు బండిలో అన్నీ కళ్ల ముందే కనిపిస్తాయి. నా ఓటు రబ్బరుకే.

స్కూల్లో ఏమైందంటే, మొదటిసారి వదిలినప్పుడు నాలుగు మీటర్లకే గోడకు తగిలింది. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే బండి పక్కకు పోతుంది, ఇంట్లో మూలమట్టం పెట్టి సరిచేశాం కానీ బ్యాగులో నలిగి ముందు గొట్టం కాస్త కదిలింది. పాపే దాన్ని సర్ది రెండోసారి వదిలితే 6 మీటర్ల 40 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం రావాల్సిన ఎనిమిది రాలేదు, ఎందుకంటే చివరి చుట్లకు వచ్చేసరికి రబ్బరు దాదాపు వదులైపోయి లాగే బలమే ఉండదు. ఇది కూడా పాపే టీచరు గారికి చెప్పింది. వాళ్ల క్లాసులో ఒక అబ్బాయి నీళ్ల బాటిల్‌కు సీడీలు పెట్టి చేసిన బండి 7 మీటర్లు దాటిందట, వాడు వాడింది సైకిల్ స్పోకు. స్పోకు 2 మిల్లీమీటర్లే ఉంటుంది, ఇరుసు సన్నబడితే చుట్లు పెరుగుతాయి, వాడి లెక్క మా లెక్క కన్నా బాగుంది. క్లాసులో ఇదే కిట్ తెచ్చినవాళ్లు నలుగురు, ఎవరిదీ మీటరున్నర దాటలేదని పాప చెప్పింది. ఆ నలుగురి గురించే నాకు ఎక్కువ బాధ.

టీచరు గారు అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకు బాగా నచ్చింది, సాగదీసిన రబ్బరులో శక్తి దాగి ఉందని నీకెలా తెలుసు అని. పాప దగ్గర ఉన్న రబ్బరు బ్యాండును టక్కున సాగదీసి పై పెదవికి ఆనించి చూపించిందట. వెచ్చగా తగులుతుంది, కాసేపు అలాగే పట్టుకొని వదిలి మళ్లీ ఆనిస్తే చల్లగా తగులుతుంది. వెడల్పాటి రబ్బరుతో మీరూ చేసి చూడండి, పిల్లలు మర్చిపోరు. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంగా లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రం పాఠంలో ఉంటుంది, రబ్బరు మాత్రం మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర్లో గట్టిగా ఉండి ఆ సూత్రానికి పూర్తిగా లొంగదని కూడా వంట గదిలో త్రాసుకు తగిలించి చూశాం.

మరి ఈ కిట్ కొనాలా? బండి 5 మీటర్లు వెళ్లాలి, మార్కులు కావాలి, టైము లేదు అనుకునేవాళ్లు కొనకండి, ఉన్నది ఉన్నట్టు బిగిస్తే అది వెళ్లదు, లెక్క ప్రకారమే వెళ్లదు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు బిగించే సరదా కోసం అయితే పరవాలేదు, కాకపోతే 399 ఎక్కువ, 150కి ఇస్తే న్యాయం. తిన్నని ఇనుప కడ్డీ దొరకని ఊళ్లో ఉంటే కడ్డీల కోసం కొనొచ్చేమో గానీ, మా వీధి చివర సైకిల్ షాపులో పాత స్పోకులు అడిగితే ఆయన డబ్బులు కూడా తీసుకోలేదు. మిగతా మా ఖర్చు ఎం-సీల్, ఫెవిక్విక్, స్కేలు, బుడగలు, రబ్బర్లు అన్నీ కలిపి వంద రూపాయల లోపే. ఇలాంటివి చేయడం కొత్త అయితే అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్ ఒకసారి చూడండి, పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పుతూ జీవితమంతా గడిపిన మనిషి, 2018లో పద్మశ్రీ ఇచ్చారు, అన్నీ ఉచితంగానే పెట్టారు. నేను కిట్ ఆర్డర్ చేసే ముందు అది చూసి ఉంటే ఆ నాలుగు రోజులు మిగిలేవి.

ఇప్పటికే కొనేసి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు రిటర్న్ కోసం తంటాలు పడకుండా ఇంత చేయండి. ఇరుసు రంధ్రాలను గుండ్రంగా చుట్టిన గరుకు కాగితంతో కొంచెం వెడల్పు చేయండి, పన్ను బిళ్లను, చక్రాలను కడ్డీకి జిగురుతో అతికించండి, వెనక చక్రాలకు బుడగ పట్టీ తొడగండి, రబ్బరుకు దారం కలపండి. దీంతోనే మా కిట్ బండి 90 సెంటీమీటర్ల నుంచి 2 మీటర్ల 10కి వచ్చింది, అందులో మీటరుంపావు రబ్బరు లాగింది, మిగతాది ఊపు. అయిదు కావాలంటే మాత్రం వెనక సీడీలు వేయక తప్పదు.

నేను ఇస్తున్నది అయిదుకు రెండు నక్షత్రాలు. ఒకటి కడ్డీలకు, ఒకటి పాప ఒక్కతే బిగించుకోగలిగినందుకు.

అప్‌డేట్: తగ్గిన రింగు గురించి, పది మీటర్ల మాట గురించి కంపెనీకి రాశాను. మూడు రోజులకు జవాబు వచ్చింది, మర్యాదగానే రాశారు, కొత్త కిట్ మొత్తం ఉచితంగా పంపారు. అందులో రింగులు నాలుగూ ఉన్నాయి. రంధ్రం మళ్లీ సరిగ్గా 3 మిల్లీమీటర్లే. పేజీలో పది మీటర్లు అని ఇవాళ పొద్దున చూసినప్పుడు కూడా అలాగే ఉంది. కొత్త కిట్‌లోని కడ్డీలతో పాప ఇప్పుడు నీళ్ల బాటిల్ బండి మొదలుపెట్టింది, ఈసారి స్పోకు కూడా తెచ్చుకుంది.